తెరకు పట్టిన నీడ

పదకొండో భాగం

పోయిన వారం మనం బుల్లిని మూడో అంతస్తు మెట్ల మలుపులో, ఒక పాత మానిటర్‌ను రెండు చేతులా కావలించుకుని ఆయాసపడుతూ ఉండగా వదిలేశాం. పాపం, వారం రోజులుగా మోస్తూనే ఉంది. ముందు ఆమెను పైకి చేర్చి, ఆ బరువు బల్లమీద దింపించి, తరవాత కథలోకి పోదాం.

కొత్తగా చదివేవాళ్ల కోసం నాలుగు ముక్కలు. బుల్లి అక్క పాత ఫొటోలు బాగుచేయడంలో చెయ్యి తిరిగిన మనిషి. నాలుగు నెలల కిందట ఒక ఉదయం ఇంట్లోంచి వెళ్లిపోయింది. "నన్ను వెతకవద్దు" అని టైపు చేసిన ఉత్తరం, కింద సంతకం, అంతే. ఆమె ఆరేళ్ల కూతురు అప్పటినుంచి అమ్మమ్మ దగ్గరా పిన్ని దగ్గరా పెరుగుతోంది. పిన్ని అంటే మన బుల్లే. ఆ ఉత్తరం అక్క రాసింది కాదని బుల్లి అనుమానం. అనుమానమేమిటి, బావే అక్కను ఏదో చేశాడని మనసులో ఎప్పుడో తీర్పు కూడా చెప్పేసింది. ఆ బావకు దూరపు ఊళ్లో ఉద్యోగం వచ్చింది. ఇల్లు ఖాళీ చేశాడు. బుధవారం పొద్దున్నే పాపను తనతో తీసుకెళ్తున్నాడు. అమ్మ సరేనంది. పాప కుదురుకునేదాకా తానూ వచ్చి ఉంటానంది గాని, మీకెందుకు శ్రమ అని బావ ఒప్పుకోలేదు. సామాను పంచేటప్పుడు అక్క కంప్యూటర్‌ను తన దగ్గరే ఉంచుకుని, ముప్ఫై అంగుళాల ఆ మానిటర్‌ను మాత్రం బుల్లికి ఇచ్చేశాడు. అది శనివారం.

ఇవాళ మంగళవారం. పాప వెళ్లకుండా ఆపడానికి బుల్లికి మిగిలింది ఒక్క పగలు. ఆపడానికి చేతిలో ఉన్నది మాత్రం సున్న.

మరి ఆ ఒక్క పగలూ పెట్టుకుని ఈ పిల్ల చేస్తున్నదేమిటయ్యా అంటే, మానిటర్‌ను తన లాప్‌టాప్‌కు తగిలించే ప్రయత్నం. వింటే మనకే ఒళ్లు మండుతుంది. కానీ ఆమె వైపు నుంచి కూడా చూడండి. రేపు పాప కూడా వెళ్లిపోతే ఈ ఇంట్లో అక్కదంటూ మిగిలేది ఈ తెర ఒక్కటే. దాని ముందు అక్క పక్కనే కూర్చుని పని నేర్చుకుంది. అది వెలిగితే చాలనిపించింది, అంతకుమించి ఏమీ ఆశించలేదు.

అదేమో వెలగనని భీష్మించుకుంది. మానిటర్ పదిహేనేళ్ల నాటిది. దాని తీగ చివర అరచేతి వెడల్పు మూతి, దాన్నిండా వరసలు వరసలుగా పిన్నులు. లాప్‌టాప్‌కు చూస్తే చిటికెనవేలి గోరంత రంధ్రం ఒక్కటే. మధ్యలో రాయబారానికి ఆదివారం ఒక అడాప్టర్ కొంది. తెర నల్లగా ఉండిపోయింది. సోమవారం ఇంకొకటి కొంది. ఈసారి బొమ్మ వచ్చింది గాని, చిన్నదాన్ని పట్టుకుని నాలుగు వైపులా సాగదీసినట్టు వచ్చింది. అక్షరాలు అలుక్కుపోయాయి. తను పనిచేస్తున్న ఆల్బంలో మొహాలన్నీ మైనం కరిగినట్టు కనిపించాయి. ఆ మొహాలను ఎక్కువసేపు చూడబుద్ధి కాలేదు. ఆపేసింది.

ఇవాళ పొద్దున్న పిన్నుల మాస్టారి కొట్టుకు వెళ్లింది. ఆయన ఒకప్పుడు లెక్కల మాస్టారు, ఇప్పుడు కంప్యూటర్లు బాగుచేస్తాడు. ఏ వైరు తెచ్చినా ముందు కళ్లజోడు సర్దుకుని పిన్నులు లెక్కపెడతాడు కనక ఆ పేరు స్థిరపడిపోయింది. బుల్లి తెచ్చిన తీగను వెలుగులో తిప్పి తిప్పి చూసి, మధ్యలో ఆరు పిన్నులు తక్కువున్నాయని తేల్చాడు. ఇంత పెద్ద తెరకు రెండు దారుల్లో బొమ్మ పంపాలట. ఆ ఆరూ లేకపోతే ఒక దారి మూసేసినట్టేనట. అందుకే సగం సగం వస్తోందట. పిన్నులన్నీ ఉన్న తీగ ఒకటి, తోక ఉన్న అడాప్టర్ ఒకటి వెతికి తీశాడు. ఆ తోకను లాప్‌టాప్‌లో వేరేగా గుచ్చితే అడాప్టర్‌కు కరెంటు అందుతుందన్నమాట.

"తోకలేని పిట్ట తొంభై ఆమడలు పోతుంది గానీ, అమ్మాయ్, నీ తెర దగ్గరికి పోవాలంటే మాత్రం తోక ఉండాల్సిందే" అన్నాడు మాస్టారు. తన హాస్యానికి తానే మురిసిపోయి, సందేహమేదైనా వస్తే ఫోన్ చెయ్యమని పంపించాడు.

ఇల్లు చేరేసరికి పన్నెండు దాటింది. ఇంట్లో ఎవరూ లేరు. పాప బడిలో ఉంది. అమ్మ ఊళ్లో పనులు చూసుకుని, పాపను కూడా తీసుకుని నాలుగింటికి వస్తానని వెళ్లింది. బుల్లి తీగ బిగించి, తోక గుచ్చి, మీట నొక్కింది. లోపలెక్కడో సన్నగా గుయ్ మంది. తెర ఒక్కసారి ఆరి, ఒక్కసారి వెలిగి, నిండా తెరుచుకుంది. అక్షరాలు సూదితో చెక్కినట్టున్నాయి. ఆమెకు ఏడుపొచ్చింది. ఈ వెలుగు ముందే కదా అక్క తన చెయ్యి పట్టుకుని గీత గియ్యడం నేర్పింది.

ఫొటోలు దిద్దేవాళ్లకు ఒక అలవాటుంది. పనికి కూర్చునే ముందు తెర మీద పూలూ కొండలూ తీసేసి, అంతటా బూడిదరంగు నింపేస్తారు. తెలుపూ కాదు, నలుపూ కాదు, సరిగ్గా నడిమిది. పక్కన మరో రంగుంటే కన్ను మోసపోతుందని అక్క చెప్పేది. ఇంకో మాట కూడా చెప్పేది, పాత తెరను అరగంట వేడెక్కనివ్వకుండా దాని ముందు కూర్చోకూడదని. బుల్లి తెరంతా బూడిదరంగు నింపి, టీ పెట్టుకోవడానికి వంటింట్లోకి వెళ్లింది.

టీ కప్పుతో తిరిగొచ్చేసరికి తెరలో మొహం ఉంది.

తన నీడే అనుకుంది. ఎవరైనా అలాగే అనుకుంటారు. కిటికీ తెర సరిగా వేసి మళ్లీ చూసింది. పక్కకు జరిగింది. మొహం జరగలేదు. వంగింది. మొహం వంగలేదు. బూడిదరంగులో అంతకంటే కాస్త ముదురు బూడిదగా, తెర ఎత్తుకు సరిపడా ఒక మొహం ఆమెనే చూస్తూ ఉంది. కళ్లుండాల్సిన చోట తెల్లని మరకలు. చెంపల మీద వెలుగుండాల్సిన చోట నీడ. కప్పు ఎక్కడ పెట్టిందో ఆమెకు తరవాత గుర్తు రాలేదు. లాప్‌టాప్‌లో ఉన్నవన్నీ మూసేసింది. తీగ పీకి మళ్లీ పెట్టింది. తెర ఆరి వెలిగింది, మొహం మాత్రం అక్కడే ఉంది.

భయపడినా పని నేర్చిన కన్ను ఊరుకోదు. వెలుగూ నీడా తారుమారయ్యాయి, అంతే, ఇది నెగెటివ్. మనసులో దాన్ని తిరగేసి చూసుకుంది. నుదుటి మీద పడ్డ ముంగురులు, ఒక పక్కకు వాల్చిన తల, నవ్వు, నవ్వులో పైవరస మధ్యన ఖాళీ.

పాప. ముందు పన్ను ఊడిన పాప.

పిన్నుల మాస్టారికి ఫోన్ చేసింది. ఆయన కొంచెం కూడా ఆశ్చర్యపోలేదు. ఒకే బొమ్మ రోజుల తరబడి కదలకుండా ఉండిపోతే పాత తెరలకు దాని నీడ పడుతుందని, గంటకో పూటకో ఇంత గట్టిగా పట్టేది కాదని, రెండు మూడు వారాలు రాత్రీ పగలూ అదే బొమ్మ ఉండి ఉంటుందని చెప్పాడు. కంగారుపడవద్దని ధైర్యం కూడా చెప్పాడు. తెర వెలుగుతూ ఉంటే మెల్లమెల్లగా పోతుందట, సాయంత్రానికే సగం పోవచ్చట. ఆయన మంచికే చెప్పాడు. వింటున్న బుల్లికి మాత్రం ఆ లెక్క కుదరలేదు.

ఎందుకంటే పాపకు ఆ పన్ను ఊడింది ఐదు వారాల కిందట. ఆ ఫొటో తీసింది బుల్లే, ఈ ఇంటి వసారాలో. వారం వారం పాప ఫొటోలు పంపమని బావ అడిగేవాడు కనక అతనొక్కడికే పంపింది. అక్క వెళ్లిపోయి నాలుగు నెలలు. వెళ్లిన రోజునే ఆమె గదికి తాళం వేశానని, సామాను సర్దేదాకా మళ్లీ తియ్యలేదని బావ అందరికీ చెప్పాడు. మరి తాళం వేసిన గదిలో, ఈ తెర మీద, ఐదు వారాల నాటి నవ్వు ఎలా వచ్చింది?

తెర అంచులు వెతికింది. కుడి పక్కన సన్నని నిలువు పట్టీ, అందులో చిన్న చిన్న గళ్లు. ఫొటోలు దిద్దే పనిముట్ల పట్టీ అది. లోకంలో అందరికీ ఎడమ పక్కన ఉంటుంది. అక్కది ఎడమచేతి వాటం, అన్నీ తిరగేసి పెట్టుకునేది. ఈ పట్టీని కుడి పక్కకు జరుపుకునే మనిషి బుల్లికి తెలిసి ఒక్కతే ఉంది. బావకైతే ఆ పనిముట్లు తెరవడం కూడా రాదు.

అక్క బతికే ఉందన్న సంతోషం ముందు రావాలి. రాలేదు. ముందు వచ్చింది భయం. సరిగ్గా ఆ రోజుల్లోనే బుల్లి పాప స్వెటర్ కోసం బావ ఇంటికి వెళ్లింది. అక్క గది తలుపుకు తాళం చూసి బెంగ పుట్టి, చెక్క మీద చెయ్యి ఆనించి కాసేపు నిలబడింది కూడా. లోపల చడీ చప్పుడూ లేదు. బావ వెనకనుంచి వచ్చి, టీ చల్లారిపోతోందని పిలిచాడు. ఆ తలుపుకు అవతల, నాలుగడుగుల దూరంలో, అక్క ఈ తెర ముందు కూర్చుని కూతురి మొహం చూస్తూ ఉండి ఉంటుంది. పిలవలేకపోయిందా, పిలవనివ్వలేదా?

ఫోన్‌తో ఫొటో తీసింది. అందులో చారలు తప్ప ఏమీ పడలేదు. మళ్లీ మళ్లీ తీసింది, అవే చారలు. చూస్తుండగానే ముంగురులు బూడిదలో కలిసిపోతున్నాయి. ఆరితే కనపడదు, వెలిగితే చెరిగిపోతుంది. అడకత్తెరలో పోకచెక్క అంటే ఇదే. ఆల్బం పేజీల మధ్య వేసే పల్చటి కాగితం తెచ్చి తెరకు అంటించి, పెన్సిల్‌తో నీడ వెంబడి గీయడం మొదలుపెట్టింది. తెర వెనకనుంచి వేడి తగులుతూ ఉంది, జ్వరం వచ్చిన పిల్ల నుదురు మీద చెయ్యి వేసినట్టు. కుడి పక్క పట్టీ మొత్తం, గడి గడీ వదలకుండా గీసింది. పెదవులు, పన్ను ఖాళీ గీసింది. ఎడమ కన్ను దగ్గరికి వచ్చేసరికి తలుపు గంట మోగింది.

అమ్మ కాదు. గంట ఇంకా మూడున్నరే. వచ్చింది బావ.

రేపు పొద్దున్న రావాల్సిన మనిషి. చెప్పులు విప్పుతూనే, ఆ మానిటర్‌తో నువ్వేం బాధపడతావులే, పాతసామాన్లవాడు దారిలోనే ఉన్నాడు, పట్టుకుపోతానని అన్నాడు. గొంతు మామూలుగానే ఉంది. చేతులే మామూలుగా లేవు, ఒకదాన్ని ఒకటి నలుపుకుంటున్నాయి. తగిలించి చూశావా అని అడిగాడు. బుల్లి గది గుమ్మానికి అడ్డంగా నిలబడింది.  మాట మాత్రం తొణకలేదు.

"బావా, అక్క గది తాళం మీరు ఎప్పుడు తీశారు?"

"చెప్పాను కదా. పోయిన వారం, సర్దేటప్పుడు."

"అంతకు ముందు?"

"లేదు. ఎందుకు తీస్తాను?"

అప్పుడు పక్కకు తప్పుకుని దారి ఇచ్చింది.

బావ లోపలికి రెండడుగులు వేసి ఆగిపోయాడు. బూడిదరంగు తెర మీద, అక్కడక్కడ పెన్సిల్ గీతలున్న పల్చటి కాగితం వెనక, ఒంటికన్నుతో నవ్వుతున్న కూతురి మొహం. అతని మొహంలో రంగు దిగిపోవడం బుల్లి కళ్లారా చూసింది. అక్క కంప్యూటర్‌లో ఉన్నదంతా తుడిపించిన మనిషి, శనివారం ఈ తెర అద్దాన్ని మాత్రం అనుమానించలేదు. అద్దంలో ఏముంటుంది, చూసినంతసేపే కదా అనుకున్నాడు. తెలివైనవాళ్లు కూడా అలాగే అనుకుంటారు.

తేరుకుని, పాప మీద బెంగతో తానే ఆ ఫొటో పెట్టుకుని చూసుకునేవాణ్నన్నాడు. తాళం తియ్యలేదన్నారు కదా అంది బుల్లి.  పనిముట్లు కుడి పక్కన ఎవరు పెట్టారు అంది.  బుల్లి చెయ్యి మానిటర్ మీట మీదికి పోయింది. మిగిలిన నీడనైనా దాచుకోవాలని, ఇప్పుడే ఆపేస్తే పోలీసులకు చూపించవచ్చని.

"ఆపకు" అన్నాడు బావ. "వెలగనీ. ఇంకో రెండు గంటలు వెలిగితే మొత్తం పోతుంది."

బుల్లి చెయ్యి ఆగింది. ఈ సంగతి తనకు తెలిసి మూడు గంటలు కాలేదు. అది కూడా పిన్నుల మాస్టారు చెబితే.

"పోతుందని మీకెవరు చెప్పారు?"

బావ కుర్చీలో కూలబడ్డాడు. ఇన్నాళ్లూ బుల్లి మనసులో హంతకుడిగా తిరిగిన మనిషి, ఇప్పుడు చూస్తే నిద్ర లేక కళ్లు పీక్కుపోయిన మామూలు మనిషిలా ఉన్నాడు.

"మీ అక్కే" అన్నాడు. "తెర నీకిచ్చానని తెలిసి నా మీద మండిపడింది. బుల్లి దాన్ని వెలిగించిందంటే ముందు బూడిదరంగే నింపుతుంది, అన్నీ బయటపడతాయి, ఎలాగైనా వెనక్కి తెమ్మంది."

"ఎప్పుడంది?"

"ఆదివారం."

 ఆదివారం అంటే మొన్న. మొన్న అక్క మాట్లాడింది, కోపం కూడా తెచ్చుకుంది. బుల్లి బల్ల అంచు పట్టుకుంది. నాలుగు నెలలుగా ఏడవకుండా దాచుకున్న ఏడుపంతా ఒక్కసారిగా పొంగుకొచ్చింది. దాన్ని ఆపుకుని, అక్కను గదిలో పెట్టి తాళం వేసింది మీరే కదా అని నిలదీసింది.

"తాళం వెయ్యమన్నది తనే. ఎవరైనా ఇంటికి వస్తే గది ఖాళీ అనుకోవాలి కదా. నువ్వు తలుపు మీద చెయ్యి వేసి నిలబడ్డ రోజు, లోపల నోట్లో గుడ్డ కుక్కుకుని ఏడ్చిందట. ఆ ఫొటో అప్పటికే పెట్టుకుని ఉంది. దాన్ని తియ్యనిచ్చేది కాదు, తెర ఆపనిచ్చేది కాదు. నిద్రలో కళ్లు తెరిస్తే పాప కనపడాలనేది." అతను మొహం తుడుచుకున్నాడు. "ఇల్లు అద్దెకిచ్చినవాళ్లు ఖాళీ చెయ్యమన్నారు. అందుకే ఊరు మారుతున్నాం. రేపు పాపను తీసుకెళ్తున్నది నా దగ్గరికి కాదు బుల్లీ, వాళ్లమ్మ దగ్గరికి. నువ్వు ఇది ఎవరికైనా చూపించావంటే ఆ పిల్ల తల్లిని చూడదు."

నమ్మాలనుంది. ఇంతగా నమ్మాలనిపించడమే ఆమెను భయపెట్టింది. అబద్ధమైతే, రేపు పాపను తన చేతులతోనే అప్పగించినట్టు. నిజమైతే, ఇన్నాళ్లూ ఈ మనిషిని తిట్టుకున్న తిట్లన్నీ ఎక్కడ దాచుకోవాలో తెలియదు. గోడ గడియారంలో నాలుగు కావడానికి పది నిమిషాలుంది.

"మీరు మంచివాళ్లయితే అక్క ఎవరి నుంచి దాక్కుంది బావా? ఎవరొస్తారని తాళం వేయించుకుంది?"

బావ గుమ్మం వైపు చూశాడు. ఎవరూ లేరని తెలిసి కూడా గొంతు తగ్గించాడు.

"మా ఇంటికి వచ్చిపోయేవాళ్లు నువ్వూ మీ అమ్మే కదా. నీ నుంచైతే కాదు."

బుల్లికి మాట చెవిన పడింది, అర్థం మాత్రం ఎక్కలేదు. అమ్మా? మందులకు వేళ మర్చిపోయే అమ్మా, పాపకు జడ వేసి గాని తాను తల దువ్వుకోని అమ్మా? ఎందుకు అని అడగబోయింది. కిందనుంచి మెట్ల మీద పాప పాట వినిపించింది. నాలుగింటికి రావాల్సినవాళ్లు పది నిమిషాలు ముందే వచ్చేశారు. బావ లేచి నిలబడ్డాడు. కాగితాన్ని తెర మీదనుంచి లాగాలా, తెర ఆపాలా, గది తలుపు వెయ్యాలా అని బుల్లి తేల్చుకునేలోపు బయటి తలుపులో తాళంచెవి తిరిగింది.

పాప సంచీ విసిరేసి నాన్న దగ్గరికి పరుగెత్తబోయింది. అమ్మ దాని భుజం పట్టుకుని ఆపి, ఎదురింటి ఆంటీ దగ్గరికి వెళ్లి కాసేపు ఆడుకోమంది. పాప వెళ్లేదాకా అక్కడే నిలబడి చూసింది. తరవాత గదిలోకి వచ్చింది. అల్లుణ్ని చూసింది, చిన్నకూతుర్ని చూసింది, బూడిదరంగులో సగం మిగిలిన ఆ మొహాన్ని చూసింది. ఇదేమిటని అడగలేదు. ఎక్కడిదని అడగలేదు.

"మీరిద్దరు కాక ఇంకెవరైనా చూశారా దీన్ని?" అంది అమ్మ, నెమ్మదిగా. అంటూనే వెనక్కి చెయ్యి చాచి తలుపు గడియ పెట్టింది.